కీమో నాళ్ల కంచం

ఎర్రమంజిల్ మెట్రో స్టేషన్‌లో దిగి నిమ్స్ ఆసుపత్రి వైపు నడుస్తుంటే రోడ్డు పక్కన అమ్మేవన్నీ రోగుల కోసమే పెట్టినట్టుంటాయి. కొబ్బరి బొండాలు, కోసి కప్పుల్లో పెట్టిన బొప్పాయి ముక్కలు, బత్తాయి జ్యూసు, ఇడ్లీ బండి. చంకలో స్కాన్ కవరు, చేతిలో టిఫిన్ క్యారియర్ పట్టుకున్నవాళ్లు వాటి ముందు ఆగి, కొనాలా వద్దా అని ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఇక్కణ్నుంచి రెండు స్టేషన్లు దాటితే లక్డీకాపూల్. అక్కడ రెడ్‌హిల్స్‌లో 1955 నుంచి ఉన్న ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి. జిల్లాల నుంచి కీమోకో రేడియేషన్‌కో వచ్చినవాళ్లలో చాలామంది ఈ కాస్త దారిలోనే నెలల తరబడి తిరుగుతుంటారు. అమీర్‌పేట హాస్టల్ గదిలోనో, దూరపు చుట్టాల ఇంట్లోనో దిగుతారు. కర్రీ పాయింట్‌లో కూర కొనుక్కుని, అన్నం మాత్రం గదిలో వండుకుంటారు.

ఎర్రమంజిల్ గుట్ట మీద నవాబ్ ఫక్రుల్ ముల్క్ కట్టించుకున్న మహల్ ఒకప్పుడు విందులకు పేరు మోసింది. గుట్ట కింద ఇప్పుడు వినపడే మాటలు వేరు.

‘‘అక్కా, గుడ్డు పెట్టకు, వేడి జేస్తది.’’

‘‘డాక్టరు పెట్టుమన్నడు గదా.’’

‘‘వాళ్లట్లనే అంటరు. మా ఆయనకు పాలు, పెరుగు, చికెన్ అన్నీ బందు వెట్టినం. చక్కెర అయితే ముట్టనిస్తలేం.’’

ఇది ఎవరి మూర్ఖత్వమూ కాదు. జబ్బు చేస్తే పథ్యం పెట్టడం మనకు తాతల నాటి అలవాటు. జ్వరానికీ పచ్చకామెర్లకూ బాలింతకూ ఒక్కో పద్ధతి ఉంది; అన్నిటిలోనూ ముందు చేసే పని కొన్నిటిని కంచంలోంచి తీసేయడం. పది రోజుల జ్వరానికి అది చెల్లిపోతుంది. ఆరు నెలలు సాగే క్యాన్సర్ చికిత్సకు చెల్లదు. అక్కడ మనిషిని ముందుగా కుంగదీసేవాటిలో తిండి తగ్గిపోవడం ఒకటి. దానికి తోడు ఇంట్లోవాళ్లు ప్రేమతోనే మరో నాలుగు పదార్థాలు తీసేస్తే, జబ్బు చేసే పనిలో సగం మనమే చేసిపెట్టినట్టు.

ఆకలితో పస్తున్నవాడు చిక్కిపోవడం వేరు, క్యాన్సర్‌లో చిక్కిపోవడం వేరు. పస్తుంటే శరీరం ముందు కొవ్వును ఖర్చు పెట్టి, కండను వీలైనంత దాచుకుంటుంది. క్యాన్సర్‌లో కణితీ, దానిపై పోరాడే రోగనిరోధక కణాలూ ఇంటర్‌ల్యూకిన్-6, టీఎన్‌ఎఫ్ లాంటి రసాయనాలను రక్తంలోకి వదులుతాయి. అవి మెదడులో ఆకలిని అణచేస్తాయి, అదే సమయంలో కండను కరిగించే యంత్రాంగాన్ని నడిపిస్తాయి. అందుకే కొవ్వూ కండా రెండూ కలిసి పోతాయి. దీన్ని వైద్యులు కెకెక్సియా అంటారు. 2011లో అంతర్జాతీయ నిపుణులు ఒప్పుకున్న కొలత ప్రకారం, ప్రయత్నించకుండానే ఆరు నెలల్లో బరువు 5 శాతానికి మించి తగ్గితే ఆ స్థితి మొదలైనట్టే. 60 కిలోల మనిషికి అది 3 కిలోలు. చీర కుచ్చిళ్లు రెండు ఎక్కువ వస్తున్నాయి, గాజులు మోచేతి దాకా జారుతున్నాయి అని ఇంట్లో ఆడవాళ్లు గమనించేసరికి ఆ 3 కిలోలు ఎప్పుడో దాటిపోయి ఉంటాయి.

కండ పోతే పోయేది బలం ఒక్కటే కాదు. కీమో మోతాదును చాలావరకు ఎత్తు, బరువులతో లెక్కగట్టే శరీర వైశాల్యాన్ని బట్టి నిర్ణయిస్తారు. కండ తక్కువున్నవాళ్లకు అదే మోతాదు ఎక్కువ విషమవుతుందని చాలా పరిశోధనల్లో తేలింది. అప్పుడు మోతాదు తగ్గించాలి, లేదా తర్వాతి సైకిల్‌ను వాయిదా వేయాలి. ‘‘ఈసారి కీమో ఇవ్వలేం, పది రోజులు ఆగి రండి’’ అన్న మాట వెనక చాలాసార్లు కంచం కూడా ఉంటుంది. అయితే మంచి తిండి ఒక్కటే కెకెక్సియాను పూర్తిగా వెనక్కి తిప్పలేదు. జబ్బు అదుపులోకి రావాలి. ఆ లోపు ఎంత తక్కువ నష్టపోతే అంత మేలు.

ఇక చక్కెర. ఈ భయానికి ఒక శాస్త్రీయ మూలం ఉంది, అందుకే అది ఇంత గట్టిగా నిలబడింది. క్యాన్సర్ కణాలు ఆక్సిజన్ అందుతున్నా గ్లూకోజ్‌ను విపరీతంగా లాక్కుని, సగంలోనే లాక్టిక్ ఆమ్లంగా మార్చి వదిలేస్తాయని జర్మన్ శాస్త్రవేత్త ఆటో వార్‌బర్గ్ 1920లలో గుర్తించాడు. పెట్ స్కాన్ నడిచేది ఈ సూత్రం మీదే: కాస్త రేడియోధార్మికత కలిపిన గ్లూకోజ్‌ను నరంలోకి ఎక్కిస్తే, కణితి ఉన్నచోట అది పోగుపడి తెర మీద వెలుగుతుంది. ఆ చిత్రం చూసినవాళ్లకు ‘చక్కెర మానేస్తే దీన్ని మాడ్చేయొచ్చు’ అనిపించడంలో వింత లేదు.

కానీ శరీరం అలా మాడనివ్వదు. మీరు చక్కెర మాన్పించినా, అన్నం మాన్పించినా, రక్తంలో గ్లూకోజ్ ఒక స్థాయికి దిగకుండా కాలేయం చూసుకుంటుంది. మెదడుకు అది కావాలి మరి. తిండిలోంచి రాకపోతే కండలోని ప్రొటీన్‌ను విడగొట్టి తయారు చేస్తుంది. కణితి వదిలిన లాక్టిక్ ఆమ్లాన్ని కూడా తీసుకుని, శక్తి ఖర్చు పెట్టి మరీ తిరిగి గ్లూకోజ్‌గా మారుస్తుంది. కణితికి అందేది అందుతూనే ఉంటుంది, బిల్లు కండ కడుతుంది. షుగర్ జబ్బు ఉన్నవాళ్ల సంగతి వేరు. కీమోతోపాటు ఇచ్చే డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్లు రక్తంలో చక్కెరను ఎగదోస్తాయి కాబట్టి వాళ్లు దాన్ని అదుపులో పెట్టుకోవాల్సిందే. మిగతావాళ్లు పాయసం రెండు చెంచాలు తింటే తినలేదన్న బెంగైనా తీరుతుంది.

తిండికీ క్యాన్సర్ మందుకూ ఉన్న లంకె ఎంత సూక్ష్మమైనదో చెప్పడానికి భీమవరం వాడు ఒకాయన ఉన్నాడు. యల్లాప్రగడ సుబ్బారావు 1895లో పుట్టాడు. స్ప్రూ అనే జబ్బు ఆయన అన్నదమ్ములను పొట్టన పెట్టుకుంది, ఆయనకూ సోకింది. పేగులు తిండిలోని సారాన్ని పీల్చుకోలేక, రక్తం తగ్గి మనిషి ఎండిపోయే జబ్బు అది. అటు బొంబాయిలో లూసీ విల్స్ అనే బ్రిటిష్ వైద్యురాలు గర్భిణుల్లో వచ్చే రక్తహీనత ఈస్ట్‌తో చేసిన మార్మైట్‌తో నయమవుతోందని 1931లో ప్రకటించింది. అందులో ఏదో ఉంది. ఆ ‘ఏదో’ తర్వాత ఫోలిక్ ఆమ్లంగా తేలింది. 1940ల్లో అమెరికాలో లెడర్లే కంపెనీలో పరిశోధనకు సారథ్యం వహిస్తున్న సుబ్బారావు బృందం 1945లో దాన్ని ప్రయోగశాలలో తయారు చేసింది. తన కుటుంబాన్ని చిదిమేసిన స్ప్రూకు కూడా అదే మందుగా పనికొచ్చింది.

అసలు మలుపు ఆ తర్వాత వచ్చింది. బోస్టన్‌లో పిల్లల ఆసుపత్రి పాథాలజిస్టు సిడ్నీ ఫార్బర్, ఫోలిక్ ఆమ్ల రకాలను లుకేమియా పిల్లలకు ఇచ్చి చూస్తే జబ్బు తగ్గడానికి బదులు ఎగసినట్టు కనిపించింది. కణం విభజన చెందాలంటే డీఎన్‌ఏ కావాలి, డీఎన్‌ఏ తయారీకి ఫోలేట్, అంటే ఫోలిక్ ఆమ్లం, కావాలి. అడ్డూఅదుపూ లేకుండా విభజన చెందే కణానికి మరీ కావాలి. అయితే ఫోలేట్‌లాగే కనిపిస్తూ దాని పని చేయని నకలు ఇస్తే? సుబ్బారావు బృందం అలాంటి నకళ్లను చేసి పంపింది. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌ను 16 మంది పిల్లలకు ఇస్తే 10 మందిలో జబ్బు కొంతకాలం తగ్గుముఖం పట్టిందని ఫార్బర్ 1948 జూన్‌లో ప్రకటించాడు. పిల్లల్లో వచ్చే తీవ్ర లుకేమియాను ఒక మందు అలా వెనక్కి నెట్టడం అప్పటిదాకా ఎవరూ చూడనిది. ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశాడు. అదే కుదురులో పుట్టిన మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉంది.

ఈ కథ ఇక్కడెందుకంటే, ‘విటమిను మాత్రలేగా, మంచిదేగా’ అని మందుల షాపులో కొనేవాళ్లకు ఇందులో పని ఉంది. ఫోలిక్ ఆమ్లం ఒక్కటే తీసుకోండి. ఎక్కువ మోతాదు మెథోట్రెక్సేట్ ఇచ్చిన మర్నాడు ఫోలిక్ ఆమ్లానికి దగ్గరి చుట్టమైన ల్యూకోవోరిన్‌ను విరుగుడుగా ఇస్తారు. 5-ఎఫ్‌యూ అనే మందుతో అదే ల్యూకోవోరిన్ ఇస్తే మందు దెబ్బను పెంచుతుంది; కెపెసిటబిన్ మాత్రలు వేసుకునేవాళ్లు సొంతంగా ఫోలిక్ ఆమ్లం వాడితే నోటిపూత, విరేచనాలు ముదరొచ్చు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు ఇచ్చే పెమెట్రెక్సెడ్‌తోనైతే ఫోలిక్ ఆమ్లం, బీ12 తప్పక వాడమని డాక్టర్లే రాస్తారు. ఒకే విటమిను, మందును బట్టి మూడు రకాలు. పక్క బెడ్డు వాళ్లకు రాసిన మాత్ర మనకు పనికిరాదనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. పాలకూర పప్పు, తోటకూర వేపుడు సంగతి వేరు. ఆకుకూరల్లో ఉండే పాటి ఫోలేట్ గురించి ఎవరూ కంగారు పడనక్కర్లేదు.

కీమో మందు వేగంగా పెరిగే కణాలను కొడుతుంది. నోటి లోపలి పొర, పేగు పొర, వెంట్రుకల కుదుళ్లు, ఎముక మూలుగ కూడా వేగంగా పెరిగేవే. అందుకే వారం తిరిగేసరికి నోరు పూస్తుంది. తల, మెడ భాగానికి రేడియేషన్ తీసుకునేవాళ్లలో మూడో వారం నుంచి మింగడమే నరకమవుతుంది. పొగాకు, గుట్కా తెచ్చిపెట్టే నోటి క్యాన్సర్లు మన దగ్గర ఎక్కువ కాబట్టి ఈ బాధ పడేవాళ్లూ ఎక్కువే.

మన వంటకు ఇక్కడ పెద్ద చిక్కు కారం. మిరపకాయలోని క్యాప్సైసిన్ నాలుక మీద పట్టుకునేది టీఆర్‌పీవీ1 అనే గ్రాహకాన్ని. అది నిజానికి వేడిని పసిగట్టేది. 43 డిగ్రీల సెల్సియస్ దాటితే ‘కాలుతోంది’ అని మెదడుకు కబురు పెడుతుంది. దాన్ని 1997లో గుర్తించిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది. పుండు పడి వాచిన చోట ఈ గ్రాహకం మరీ సున్నితమై, చాలా తక్కువ వేడికే మోగడం మొదలుపెడుతుంది. గోరువెచ్చని చారు కూడా మండుతోందని రోగి అంటే అది గారాబం కాదు. కారం, పులుపు, పొగలు కక్కే వేడి మూడూ తగ్గించాలి. మెత్తగా కలిపిన పెరుగన్నం, నెయ్యి వేసిన ముద్దపప్పు అన్నం, పెసరపప్పు కిచిడీ, గుడ్డు కొట్టి వేసిన జావ, అరటిపండు నలిపిన పాలు దిగుతాయి. గ్లాసు నీళ్లలో కాస్త ఉప్పు, వంటసోడా కలిపి రోజుకు నాలుగైదు సార్లు పుక్కిలిస్తే నోరు శుభ్రంగా ఉంటుంది. ఆవకాయ సీసాను మాత్రం కళ్లకు కనబడనంత దూరంలో పెట్టాలి. మన జనానికి ఆ వాసన తగిలితే చెయ్యి ఆగదు.

ఐసు ముక్కల విషయం తమాషాగా ఉంటుంది. 5-ఎఫ్‌యూని ఒక్కసారిగా నరంలోకి ఎక్కించేటప్పుడు అరగంట సేపు నోట్లో ఐసు ముక్కలు ఉంచుకుంటే అక్కడి రక్తనాళాలు ముడుచుకుని, మందు నోటి పొరకు తక్కువగా చేరుతుంది, పూత తగ్గుతుంది. పక్క కుర్చీలో ఆక్సాలిప్లాటిన్ ఎక్కించుకుంటున్న మనిషికి అదే ఐసు ఇస్తే గొంతు పట్టేసినట్టయి ఊపిరాడడం లేదని భయపడిపోతాడు. ఆ మందు నరాలను చలికి అతిగా స్పందించేలా చేస్తుంది. కొన్నాళ్లు అతను ఫ్రిజ్ తలుపు కూడా ముట్టుకోకపోవడం మంచిది. మందు పేరు తెలియకుండా తిండి సలహా ఇవ్వకూడదని అనేది ఇందుకే.

వాంతుల సంగతి కొంత మారింది. సిస్‌ప్లాటిన్ లాంటి మందులు పేగు గోడలోని కణాల నుంచి సెరటోనిన్‌ను వెల్లువలా బయటికి తోస్తాయి. అది నరాల ద్వారా మెదడులోని వాంతి కేంద్రాన్ని తడుతుంది. ఆండాన్‌సెట్రాన్ ఆ సెరటోనిన్‌కు తలుపు వేస్తుంది. ఈ మందులు వాంతి వచ్చాక వేసుకోవడం కంటే రాసిన వేళకు ముందే వేసుకుంటే పనిచేస్తాయి. ‘బాగానే ఉందిగా’ అని మానేసి రాత్రికి తిప్పలు పడేవాళ్లే ఎక్కువ.

మందు ఆపగలిగేది వాంతిని. తిండి మీద పుట్టే ఏవగింపును ఆపలేదు, అది మెదడు నేర్చుకునే పాఠం. 1978లో అమెరికన్ మనస్తత్వవేత్త ఐలీన్ బెర్న్‌స్టీన్, కీమోకు ముందు పిల్లలకు మేపుల్, వాల్‌నట్ రుచులు కలిసిన కొత్తరకం ఐస్‌క్రీమ్ పెట్టింది. కొన్ని వారాల తర్వాత మళ్లీ చూపిస్తే చాలామంది వద్దన్నారు. మందే కడుపులో తిప్పిందని వాళ్లకు తెలుసు, అయినా నాలుక ఐస్‌క్రీమ్‌నే దోషిగా పట్టుకుంది. ఇక్కడ మన ఇళ్లలో జరిగేది చూడండి. కీమో రోజు కదా, పాపం, ఇష్టమైనది తినిపోనీ అని పొద్దున్నే లేచి కోడికూర వండి క్యారియర్ కట్టుకొస్తారు. సాయంత్రం వాంతి అవుతుంది. ఆ తర్వాత నెలల పాటు కోడికూర వాసన వస్తే మొహం తిప్పేస్తాడు. ప్రొటీన్ దొరికే ఒక దారి మూసుకుపోతుంది. ఇష్టమైనవి మంచి రోజులకు దాచిపెట్టి, కీమో రోజున వాసన లేని తేలిక తిండి పెట్టడమే తెలివి. రెండు ఇడ్లీలో, పెరుగన్నమో, బ్రెడ్డో చాలు. తాలింపు ఘాటు రోగి ఉన్న గదిలోకి రాకుండా చూడాలి. హాస్టల్ గదిలో పొయ్యీ మంచమూ ఒకేచోట ఉన్నవాళ్లకు ఇది చెప్పినంత తేలిక కాదు. అలాంటప్పుడు చల్లారిన తిండి నయం, వేడి తిండంత వాసన రాదు.

ఇంతకీ ఎంత పెట్టాలి? యూరప్ నిపుణుల సంఘం ఎస్పెన్ లెక్క ప్రకారం కిలో బరువుకు రోజుకు 25 నుంచి 30 కేలరీలు, 1 గ్రాముకు తగ్గకుండా, వీలైతే 1.5 గ్రాముల దాకా ప్రొటీన్. 50 కిలోల మనిషికి 1,250 నుంచి 1,500 కేలరీలు, 50 నుంచి 75 గ్రాముల ప్రొటీన్. కేలరీలు ఎలాగో వస్తాయి. ఒక చిన్న చెంచా నెయ్యి 45 కేలరీలు. ప్రొటీన్ దగ్గరే దెబ్బ తింటాం.

పథ్యం పేరుతో నడిచే ఒక రోజును కూడి చూద్దాం. పొద్దున మూడు ఇడ్లీలు, 6 గ్రాములు. నీళ్లలో కాచిన గ్లాసు రాగి జావ, 2 గ్రాములు. రాగిలో కాల్షియం దండిగా ఉంటుంది, ప్రొటీన్ మాత్రం బియ్యం కంటే ఎక్కువేం కాదు. రెండు పూటలా కలిపి 150 గ్రాముల బియ్యంతో అన్నం, 11 గ్రాములు. పలచని చారుకు 1, మజ్జిగకు 2. మొత్తం 22. మనిషి కడుపు నిండా తిన్నాననే అంటాడు. ఇప్పుడు అదే కంచంలో జావను పాలతో కాయండి, 6 గ్రాములు కలుస్తాయి. ఉడికించిన గుడ్లు రెండు, 13. చారుతోపాటు 40 గ్రాముల కందిపప్పు ముద్దగా ఉడికించి వేస్తే 8 దాకా. మజ్జిగకు బదులు కప్పు గడ్డపెరుగు పెడితే 3 పెరుగుతాయి. పప్పు మీదో ఇడ్లీ మీదో కారం లేకుండా కొట్టిన పల్లీల పొడి రెండు మూడు చెంచాలు, 6. 60 గ్రాముల దరిదాపులకు వచ్చేశాం. మాంసం ముట్టలేదు, ఖరీదైన డబ్బా పొడి కొనలేదు. చేప, చికెన్ తినేవాళ్లకు ఇంకా సులువు. తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూర్‌లో మొదలై 1958లో హైదరాబాద్ వచ్చింది. మన పప్పుల్లో, ఆకుల్లో, చేపల్లో ఏముందో కొలిచి అది అచ్చేసిన పట్టికల ముందు డబ్బాల మీది ప్రకటనలు వెలవెలపోతాయి. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు మాత్రం ప్రొటీన్ లెక్క డాక్టరుతోనే తేల్చుకోవాలి.

ఒకేసారి ఇంత తినలేరు. మూడు పూటలు మర్చిపోయి రెండు గంటలకోసారి కొద్దికొద్దిగా పెట్టడమే దారి. చాలామందికి పొద్దుటి పూట ఆకలి కాస్త నయంగా ఉంటుంది కాబట్టి గుడ్డూ పాలూ అప్పుడే.

పచ్చివాటి విషయంలో మాత్రం పథ్యం కాస్త కఠినంగానే ఉండాలి. కీమో తర్వాత ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా తెల్లరక్తకణాలు అడుగంటుతాయి. ‘కౌంట్ పడిపోయింది’ అనేది దీన్నే. పండ్లూ కూరలూ పూర్తిగా బందు పెట్టే కట్టుబాటు వల్ల ఇన్‌ఫెక్షన్లు తగ్గినట్టు పరిశోధనల్లో తేలలేదు. శుభ్రతే తేడా తెస్తుంది. తొక్క తీసుకుని తినే అరటి, బత్తాయి ఇంట్లో వొలుచుకుంటే సరి. రోడ్డు మీద కోసిపెట్టిన బొప్పాయి వద్దు. గోధుమగడ్డి రసం, ఐసు కలిపిన బండి జ్యూసు, పానీపూరీ, పచ్చి కొబ్బరి చట్నీ వద్దు. కర్రీ పాయింట్ కూరను తెచ్చుకోగానే కుతకుత ఉడికించి తినాలి. రాత్రి అన్నం బయటే ఉంచి పొద్దున తినే చద్దన్నం ఎంత ఇష్టమైనా ఈ రోజుల్లో పనికిరాదు: బాసిల్లస్ సిరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు వండినా చావవు, గది వేడికి మళ్లీ మొలుస్తాయి. జ్వరం 100.4 ఫారెన్‌హీట్ దాటితే కషాయాలు కాచుకుంటూ కూర్చోకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి.

కషాయాల మాటా అంతే. కూరలో చిటికెడు పసుపు వేరు, పసుపు సారం నింపిన గుళికలు వేరు. అవి కాలేయాన్ని దెబ్బతీసిన సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. గ్రీన్ టీ సారం బోర్టెజోమిబ్ మందుకు అడ్డుపడగలదని 2009లో ప్రయోగశాలలో తేలింది. పంపర పనసలో ఉండే కొన్ని పదార్థాలు మందులను విడగొట్టే ఎంజైమ్‌ను ఆపుతాయి కాబట్టి ఇమాటినిబ్ వంటి మాత్రలు వాడేవాళ్లు దానికి దూరంగా ఉండాలి. మాత్ర వేసుకునే వేళకూ లెక్కుంది: ఇమాటినిబ్ అన్నంతో, పెద్ద గ్లాసు నీళ్లతో, కెపెసిటబిన్ తిన్న అరగంటలోపు, అబిరాటెరోన్ పరగడుపున.

నోటితో దిగనప్పుడు ముక్కులోంచి వేసే రైల్స్ ట్యూబ్ అంటే ఇంటిల్లిపాదీ ఏడుస్తారు, అంతా అయిపోయిందని. గొంతుకు రేడియేషన్ నడుస్తున్నవాళ్లకు అది చికిత్స ఆగిపోకుండా చూసే ఏర్పాటు. పుళ్లు మానాక చాలామందికి తీసేస్తారు. ఎక్కువ కాలం అవసరమైతే పొట్టలోకి పెగ్ గొట్టం పెడతారు. పాలు, పలచగా కాచి వడకట్టిన జావ, పప్పుకట్టు, మెత్తగా రుబ్బి వడగట్టిన కిచిడీ గోరువెచ్చగా, కొంచెం కొంచెంగా పోయాలి. పోసేటప్పుడూ తర్వాత అరగంటా మనిషిని తల ఎత్తుగా ఉంచి కూర్చోబెట్టాలి. ప్రతిసారీ ముందూ వెనకా కాచి చల్లార్చిన నీళ్లతో గొట్టం కడగాలి, లేకపోతే జావ గడ్డకట్టి మూసుకుపోతుంది. మింగే కండరాలు మొద్దుబారకుండా, డాక్టరు సరేనంటే, గొట్టం ఉన్నా రోజుకు రెండు మూడుసార్లు నోటితో గుక్కెడు నీళ్లు తాగిస్తుండాలి.